డిస్కు జోలికి పోవద్దు

ఆ రోజు పొద్దున వీరభద్రయ్య పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఉగ్గాని, బజ్జీ తినాలి. ఎమ్మిగనూరు బస్సెక్కాలి. అక్కడ ఒక సైకిలు తొక్కి చూడాలి. మధ్యాహ్నం భోజనానికి ఆదోని తిరిగి రావాలి. వీటిలో ఆయన అనుకున్నట్టు జరిగింది బస్సెక్కడం ఒక్కటే.

వీరభద్రయ్య ఆదోనిలో పత్తి వ్యాపారి. మార్కెట్ యార్డులో చిటికెడు దూది తీసి వేళ్ళ మధ్య లాగి చూశాడంటే పింజ పొడవు చెప్పేస్తాడు. ఆ మాట మీద మిల్లువాళ్ళు లారీలకు ఎత్తించుకుంటారు. అలాంటి మనిషి ఇంటి గడప దాటి లోపలికి వస్తే మాత్రం ఏదీ తేల్చుకోలేడు. చొక్కా గుడ్డ మొదలు గోడల రంగు దాకా అన్నీ భార్య సుబ్బలక్ష్మే తేలుస్తుంది. ఆయన సొంతంగా నిర్ణయించి కొన్న వస్తువు ఆ ఇంట్లో ఒక్క ట్రెడ్‌మిల్లే. దాని మీద ఇప్పుడు తడి తువ్వాళ్ళు ఆరుతున్నాయి. "ఇట్లాంటిది ఇంకొకటి లోపలికొచ్చిందంటే నేను బయటికి పోతాను" అని సుబ్బలక్ష్మి అప్పుడే చెప్పి పెట్టింది.

అందుకే సైకిలు సంగతి రహస్యంగా ఉంచాడు. చలికాలంలో యార్డు మిత్రులు ఇద్దరితో కలిసి హంపికి సైకిళ్ళ మీద పోవాలని ఆయన కోరిక. అందుకు మామూలు సైకిలు పనికిరాదు. సామాను కట్టుకుని రోజుల తరబడి తొక్కడానికి ప్రత్యేకంగా చేసే టూరింగ్ సైకిలు కావాలి. బెంగళూరులో అనిల్ అనే అతను మనిషి కొలతలు తీసుకుని అలాంటివి చేతితో చేసి ఇస్తాడు. తెలిసినవాళ్ళంతా అతన్ని సైకిల్ డాక్టరంటారు. వీరభద్రయ్య కూడా అతని నంబరును, భార్య కంట పడినా అనుమానం రాకుండా, 'డాక్టర్ అనిల్, బెంగళూరు' అని ఫోనులో రాసి పెట్టుకున్నాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు కూడా.

కొలతలు పంపడం అయింది. రంగు మిత్రులు ఎంచారు. మిగిలింది బ్రేకులు. రిమ్ బ్రేకు అంటే మన పాత సైకిళ్ళకు ఉన్నదే, రబ్బరు ముక్కలు చక్రం అంచును రెండు పక్కలా నొక్కి పట్టుకుంటాయి. డిస్క్ బ్రేకు అంటే మోటారు సైకిలుకు ఉన్నట్టు చక్రం నడిమధ్యన ఒక ఇనుప పళ్ళెం ఉంటుంది, దాన్ని పట్టుకుంటుంది. వానలోనూ గట్టిగా పడుతుంది గానీ, చెడిపోతే దారిలో బాగుచేసేవాళ్ళు దొరకరు. ఏది కావాలో సైకిలు చట్రం అతకక ముందే చెప్పాలి, తర్వాత మార్చడానికి వీల్లేదు. వీరభద్రయ్య పొద్దున డిస్కు మనిషిగా లేచేవాడు, రాత్రి రిమ్ము మనిషిగా పడుకునేవాడు. విసిగిపోయిన అనిల్, "ఈ రోజు మధ్యాహ్నం లోపల చెప్పకపోతే మీ వంతు ఇంకొకరికి ఇచ్చేస్తాను సార్. మళ్ళీ వచ్చే ఏడే" అని కబురు పెట్టాడు.

వీరభద్రయ్య మిద్దె మీదికి వెళ్ళి, ఎమ్మిగనూరులో సైకిల్ షాపు నడిపే వెంకటేశులుకు ఫోన్ చేశాడు.

"అదే వెంకటేశులూ, డిస్కు సంగతి. రాత్రంతా నిద్ర లేదప్పా... యాడన్నా దోవలో వంకర పోయిందంటే నా గతేమి?... మన దిక్కు బాగుచేసేటోళ్ళే లేరంటివి కదా... పాతదాంతోనే లాగించేద్దామా అని కూడా ఉంది... బెంగళూరాయన మధ్యాహ్నం లోపల చెప్పమంటాండాడు, ఆలస్యమైతే ఇంక ఏడాది ఆగాలంట... ఇంట్లోనా? ఇంట్లో తెలీదు. తెలిస్తే ఆమె తట్టుకోలేదు... సరే, ఈ పొద్దే ఎమ్మిగనూరుకు వచ్చి చూపించుకుంటా."

వడియాల పళ్ళెంతో మెట్లెక్కుతున్న సుబ్బలక్ష్మి పై మెట్టు మీద నిలబడిపోయిందని ఆయనకు తెలియదు. డిస్కు అనే మాట ఆమెకు కొత్త కాదు. కోసిగిలో ఉండే ఆమె పెదనాయనకు వెన్నులో డిస్కు జారి, ఆపరేషన్ అయ్యి, మనిషి గుమ్మం దాటడం మానేశాడు. ఇన్నాళ్ళూ నొప్పి దాచుకుని, తాను తట్టుకోలేదని నోరు విప్పకుండా, ఒక్కడే ఎమ్మిగనూరు పోయి చూపించుకోబోతున్నాడా ఈ మనిషి! ఆమెకు కళ్ళు చెమర్చాయి. వడియాలు ఎండపెట్టకుండానే దిగిపోయింది.

వీరభద్రయ్య కిందికి వచ్చేసరికి ఆయన కుర్చీలో రెండు దిండ్లు ఉన్నాయి. ఉగ్గాని, బజ్జీ లేవు. రాగి జావ ఉంది.

"వంగొద్దండీ, నేను అందిస్తా" అంది సుబ్బలక్ష్మి. ఆయన చెప్పుల కోసం వంగబోతే ఆమే తెచ్చి కాళ్ళ ముందు పెట్టింది. "యాడికన్నా పోతాండారా?" అని మెత్తగా అడిగింది.

"యార్డు దాకా."

"నిదానంగా పోయి రండి. మీరు ఏం చేసినా నా మేలు కోరే చేస్తారు. నాకు తెలుసు."

పెళ్ళయినప్పటి నుంచి ఆమె ఇంత మెత్తగా మాట్లాడటం వీరభద్రయ్య ఎరగడు. సైకిలు సంగతి తెలిసిపోయిందనుకున్నాడు. తనను కూర్చోబెట్టి నిజం రాబట్టడానికే ఈ మర్యాదలన్నీ చేస్తున్నదనుకున్నాడు. జావ గటగటా తాగేసి, ఇంకో మాట పడకముందే వీధిలోకి వచ్చిపడ్డాడు. బస్సు ఊరు దాటాక జేబు తడుముకుంటే ఫోను లేదు. మిద్దె పిట్టగోడ మీద వదిలేసి వచ్చాడు.

సుబ్బలక్ష్మి ఆయనకు ఫోన్ చేస్తే అది మిద్దె మీద మోగింది. ఆమె పరుగున పోయి దాన్ని తెచ్చుకుంది. ఎమ్మిగనూరులో ఉన్న తమ్ముడు మహేశ్వర్‌కు ఫోన్ చేసింది.

"మహేశా, మీ బావకు నడుములో డిస్కు పోయిందప్పా. నాకు చెప్పకుండా మీ ఊరికి చూపించుకోను వచ్చినాడు. చేతిలో ఫోను కూడా లేదు. యాడన్నా పడిపోతాడేమో! ఎవరో వెంకటేశులంట."

మహేశ్వర్ మంచి మనసున్న మనిషి. ఆయనకు ఉన్న లోపం ఒక్కటే, ఎదుటివాళ్ళు సగం మాట చెప్పేసరికి మిగతా సగం తానే పూర్తిచేసుకుని ఉరుకుతాడు. "నువ్వు ఏం దిగులు పెట్టుకోవద్దు అక్కా. బావను కదలనీయను. నువ్వు జీపు మాట్లాడుకుని వచ్చేయ్" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ సమయానికి వీరభద్రయ్య వెంకటేశులు షాపు ముందు నిలబడి, డిస్క్ బ్రేకులున్న ఒక నీలం సైకిలును ముచ్చటగా చూస్తున్నాడు. అది ఎవరో బాగుచేయమని ఇచ్చి పోయిన సైకిలు.

"అన్నా, ఒక మాట సెప్తా విను" అన్నాడు వెంకటేశులు. "ఇది మీ పాత సైకిలు మాదిరి కాదు. ముందు బ్రేకు రెండు వేళ్ళతో మెల్లగా ముట్టుకో. నాలుగు వేళ్ళతో గుంజినావనుకో, సైకిలు నిలబడిపోతాది, నువ్వు నిలబడవు."

వీరభద్రయ్య బుద్ధిగా తలూపి సైకిలెక్కాడు. అది నేతగాళ్ళ వీధి. ఇళ్ళ ముందు అద్దకం అయిన నూలు కట్టలు పోగులు పోసి ఉన్నాయి. కొంచెం ముందు ఇద్దరు మనుషులు వీధి పొడవునా పడుగు దారాలు చాచి సరిచేసుకుంటున్నారు. సైకిలు గాలిలో తేలినట్టు పోతోంది. రెండు వేళ్ళతో ముట్టుకుని చూశాడు. ఎంత మర్యాదగా నెమ్మదించిందో! ఇంకోసారి చూశాడు. హంపి దారిలో కొండ దిగుతున్నట్టు, వెనక మిత్రులు రాలేకపోతున్నట్టు ఊహించుకున్నాడు.

సరిగ్గా అప్పుడు, వెంకటేశులు ఎక్కడుంటాడని అడుగుతూ వచ్చిన మహేశ్వర్ ఎదురుగా సందులోంచి రెండు చేతులూ ఊపుకుంటూ వచ్చాడు. "బావా! కదలొద్దు! ఉన్నవాడివి ఉన్నట్టే ఉండు!"

సైకిలు మీద పోతున్నవాడికి అది పాటించడానికి వీలయ్యే సలహా కాదు. బావమరిదిని చూసి బెదిరిపోయి, పక్కన పడుగును చూసి మరీ బెదిరిపోయి, వీరభద్రయ్య నాలుగు వేళ్ళతో గుంజాడు. సైకిలు టక్కున ఆగింది. వీరభద్రయ్య హ్యాండిలు మీదుగా లేచి, ఎర్రనూలు కట్టల పోగులో వెల్లకిలా పడ్డాడు.

మెత్తగా పడ్డాడు. ఒక్క గీత కూడా పడలేదు. పైగా ఆకాశం చూస్తూ పడుకున్న ఆయన ముఖంలో ఎన్నడూ లేని వెలుగు వచ్చింది. నెల రోజుల సందేహం ఒక్క దెబ్బతో తీరిపోయింది.

"డిస్కు..." అన్నాడు ఆనందంగా. "ఏం పట్టింది! ఏం పట్టిందప్పా!"

"పట్టేసిందంట!" అని మహేశ్వర్ వీధంతా వినపడేలా అరిచాడు. "నడుములో డిస్కు పట్టేసింది! ఎవరూ లేపొద్దు! ఒక మంచం తీసుకురండి!"

"నాకేం కాలేదు మహేశా..."

"మాట్లాడొద్దు బావా. నరం మీద భారం పడతాది."

ఇంతలో వెంకటేశులు వచ్చి, ముందు సైకిలును లేపి, చక్రం తిప్పి చూసి నెత్తిన చేయి పెట్టుకున్నాడు. "అయ్యో, డిస్కు వంకర పోయిందే!"

"విన్నావా?" అన్నాడు మహేశ్వర్ బావ మీదికి వంగి. "ఈయప్ప చూపుతోనే కనిపెట్టినాడు. వంకర కూడా పోయిందంట."

వీరభద్రయ్య లెక్క వేసుకున్నాడు. నడుముకేమీ కాలేదని నమ్మించాలంటే సైకిలు సంగతి మొత్తం చెప్పాలి. చెబితే అది సాయంత్రం లోపల సుబ్బలక్ష్మికి చేరుతుంది. చెప్పకపోతే ఆసుపత్రిలో ఒక ఎక్స్‌రే ఫోటో తీసి, ఏమీ లేదని పంపించేస్తారు. చెప్పాలా, వద్దా? అలవాటు ప్రకారం ఆయన తేల్చుకోలేకపోయాడు. ఆ లోపల నలుగురు నేతగాళ్ళు ఆయన్ని మంచం మీదికి చేర్చి భుజాలకెత్తుకున్నారు.

మంచం బజారులో పోతుంటే వెనక జనం చేరారు. "ఏమైందంట?" అని ఒకరు, "ఆదోని సేటుకు నడుము పడిపోయిందంట" అని ఇంకొకరు. రెండు వీధులు దాటేసరికి కాళ్ళూ పడిపోయాయి. ఆసుపత్రి మలుపు దగ్గర ఎవరో ముసలాయన చేతులు జోడించి నమస్కారం పెట్టాడు. వీరభద్రయ్య పడుకునే తిరిగి నమస్కారం పెట్టాడు. ముసలాయన బెదిరి రెండడుగులు వెనక్కి వేశాడు. వీటన్నిటి మధ్యా వీరభద్రయ్యకు లోలోపల హాయిగానే ఉంది. డిస్కే. ఇంక మాట లేదు. ఫోను దొరకగానే అనిల్‌కు చెప్పేయడమే.

ఆ ఫోను అప్పుడు ఆదోనిలో సుబ్బలక్ష్మి చేతిలో మోగుతోంది. 'డాక్టర్ అనిల్, బెంగళూరు' అని పేరు కనబడింది. తర్వాత వీరభద్రయ్య భార్య నోట, అనిల్ నోట విని విని కంఠతా పట్టిన ఆ సంభాషణ ఇలా సాగింది.

"నమస్కారమండీ. ఆయన ఫోను ఇంట్లోనే వదిలి పోయినారు. నేను ఆయన భార్యను."

"నమస్తే మేడమ్. సార్ ఏం నిర్ణయించారు? డిస్కా, పాతదేనా? నేను పని మొదలుపెట్టాలి."

"ఆయన ఎప్పటికీ తేల్చుకోలేరు సార్. నేను చెప్తాండాను. డిస్కు జోలికి పోవద్దు. పాతదే ఉండనీయండి."

"ఈ రోజుల్లో అందరూ డిస్కే అడుగుతున్నారు మేడమ్."

"అడుగుతారు, తర్వాత అవస్థ పడతారు. మా వాళ్ళలోనే చూసినాను. దానికి కొంచెం తేడా వస్తే చాలు, బెంగళూరుకే ఉరకాల. పాతదైతే కొంచెం అరుగుతాది, కిర్రుమంటాది. అననీ. మా ఊర్లోనే ఎవరో ఒకరు సరిచేస్తారు."

"నిజమే మేడమ్. మరి వానలో?"

"వానలో, చలిలో ఎవరికైనా కొంచెం కష్టమే. అప్పుడు నిదానంగా పోవాల. నిదానంగా పోయేవాళ్ళకు ఏ బాధా లేదు. అంతగా అయితే వేడి నూనె పూసి రుద్దుతాను."

"అయ్యయ్యో, నూనె మాత్రం పూయకండి మేడమ్! ప్రమాదం!"

"మీరు వద్దంటే పూయను సార్."

"మేడమ్, ఇంత అనుభవంతో మాట్లాడినవాళ్ళను నేను చూడలేదు. సార్ ఒక్క మాట కూడా చెప్పలేదు చూడండి. అసలు తిరిగేది మీరే అన్నమాట!"

"ఇంకెవరు సార్? అన్నిటికీ తిరిగేది నేనే."

"అయితే సార్ పంపిన కొలతలు పనికిరావు. మీ ఎత్తు, కాలి పొడవు చెప్పండి. కూర్చోవడానికి సుఖంగా ఉండాలి కదా."

సుబ్బలక్ష్మి ఆశ్చర్యపోయింది. రోగితో వచ్చినవాళ్ళకు కూడా కొలత చూసి కుర్చీ వేస్తారన్నమాట, బెంగళూరు ఆసుపత్రులంటే ఆ మాత్రం ఉంటుంది. వెంటనే కూతురు వర్షిణిని పిలిచి, తలుపుకు ఆనుకుని నిలబడి, జాకెట్లు కొలిచే టేపుతో కొలిపించుకుని చెప్పింది. బ్యాంకు పరీక్షల పాఠం చెవిలో పెట్టుకుని ఉన్న వర్షిణి, అమ్మ కొత్త చుడీదార్ కుట్టించుకుంటోందనుకుని, కొలిచి మళ్ళీ పాఠంలో పడిపోయింది.

ఎమ్మిగనూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ ఫోటో తీయించి, వీరభద్రయ్యను అటూ ఇటూ వంచి, కాళ్ళు ఎత్తించి, దించి, చివరికి మహేశ్వర్ వైపు తిరిగింది. "ఈయన డిస్కుకు ఏమీ లేదు. బ్రహ్మాండంగా ఉంది. లేచి నడవమనండి."

"మళ్ళా ఒకసారి చూడండమ్మా" అన్నాడు మహేశ్వర్. ఆయన మొహం కొంచెం చిన్నబోయింది.

అప్పుడే సుబ్బలక్ష్మి లోపలికి వచ్చింది. చేతిలో దిండు, వెనక ఫ్లాస్కుతో వర్షిణి, బయట జీపులో బెంగళూరు ప్రయాణానికి సర్దిన పెట్టె. ఆమె నేరుగా వచ్చి భర్త చేయి పట్టుకుంది.

"మీరేం భయపడొద్దు. నాకంతా తెలుసు. బెంగళూరు డాక్టరు ఫోన్ చేస్తే నేనే మాట్లాడినా. డిస్కు వద్దని గట్టిగా చెప్పినా."

వీరభద్రయ్య మంచం మీద నిలువునా లేచి కూర్చున్నాడు. "ఏ డాక్టరుతో?"

"అదే, అనిల్ గారు."

ఇంక దాచడానికి ఏమీ మిగలలేదు. ఆయన తలవంచుకుని మొదటి నుంచి చెప్పాడు. హంపి, సైకిలు, రిమ్ము, డిస్కు, నూలు కట్టలు. చెబుతున్నంతసేపూ మహేశ్వర్ ఒక్క వాక్యం కూడా పూర్తిచేయకుండా విన్నాడు, అది ఆ కుటుంబంలో మొదటిసారి. సుబ్బలక్ష్మి డాక్టరమ్మ వైపు తిరిగింది.

"ఈయనకు నిజంగా ఏమీ లేదు కదమ్మా?"

"ఏమీ లేదు."

"కొంచెం దెబ్బ తగిలినా ఏం కాదు కదా?"

"కాదు."

సుబ్బలక్ష్మి చేతిలో దిండుతో భర్త వీపున ఒక్కటి వేసింది. "పొద్దున్నుంచి నా ప్రాణం ప్రాణంగా లేదు. నేను తట్టుకోలేనిది ఇదా? సైకిలా?" అంటూ, కోపం చాలక, మంచం అంచున కూర్చుని కళ్ళు తుడుచుకుంది. వీరభద్రయ్యకు నిజంగా సిగ్గేసింది. తన కోసం బెంగళూరు దాకా పెట్టె సర్దుకున్న మనిషి దగ్గర ఒక సైకిలు దాచాడు తను. ఫ్లాస్కులో కాఫీ వంచి ముందు ఆమెకు ఇచ్చాడు.

కాఫీ తాగి ఆమె కొంచెం తేరుకుంది. "సరే, కొనుక్కోండి. కానీ ఇకనుంచి ఏదున్నా నాతో చెప్పండి" అంది.

అంతటితో వీరభద్రయ్య గాలిలో తేలిపోయాడు. మధ్యాహ్నం దాటింది గానీ అనిల్ కాదనడు. ఇంటి విషయంలో జీవితంలో రెండో నిర్ణయాన్ని ఆమె తెచ్చిన తన ఫోనులో గట్టి గొంతుతో చెప్పాడు. "అనిల్, తేల్చేసినా. డిస్కే!"

"అయ్యో సార్, మేడమ్ చెప్పినట్టే మొదలుపెట్టేశాను. పైపులన్నీ కోసేశాను, రిమ్ బ్రేకు దిమ్మెలు అతికేశాను. మేడమ్ కొలతలకు సరిగ్గా."

"ఎవరి కొలతలకు?"

"మేడమ్‌వి సార్. తొక్కేది ఆమే అంట కదా?"

వీరభద్రయ్య మెల్లగా భార్య వైపు తిరిగాడు. సుబ్బలక్ష్మికి కూడా అప్పుడే కుర్చీ సంగతి అర్థమైంది. ఆమె నోటి మీద చేయి పెట్టుకుంది.

"ఇప్పుడెట్లా?" అన్నాడాయన.

"ఎట్లేముంది బావా?" అని మహేశ్వర్ అందుకున్నాడు. "అక్క హైస్కూలు చదువంతా సైకిలు మీదనే కదా. నందవరం నుంచి ఎమ్మిగనూరు దాకా, నన్ను వెనక కూర్చోబెట్టుకుని తొక్కేది. మిట్టలో కూడా దిగేది కాదు."

ఇన్నేళ్ళ కాపురంలో వీరభద్రయ్య ఆ ముక్క వినలేదు. "నాకెప్పుడూ చెప్పలేదే!" అన్నాడు.

"మీరు అడిగితే కదా" అంది సుబ్బలక్ష్మి.

మార్గశిరంలో సైకిలు వచ్చింది. వీరభద్రయ్య ఒకసారి ఎక్కి చూశాడు. మోకాళ్ళు హ్యాండిలుకు తగిలాయి. మర్యాదగా దిగి భార్యకు అప్పగించాడు. సుబ్బలక్ష్మి వీధిలో ఒక్క చుట్టు తిరిగి వచ్చి, "తేలిగ్గానే ఉంది" అంది. హంపికి పోయే ముందు అలవాటు కోసం ఇద్దరూ ఎమ్మిగనూరు పోయి రావాలనుకున్నారు. వెంకటేశులు దగ్గర తెచ్చుకున్న ఒక పొడుగు సైకిలు మీద వీరభద్రయ్య, కొత్తదాని మీద సుబ్బలక్ష్మి. దారి పొడవునా ఈశాన్యపు చలిగాలి మొహానికి కొట్టింది. ఆమె ముందు, ఆయన వెనక. అలా పోతుంటే గాలి తనకు కొంచెం తక్కువ తగులుతున్నదని గ్రహించి, వీరభద్రయ్య ఆ వరుస మార్చే ప్రయత్నం చేయలేదు.

షాపు ముందు వాళ్ళు దిగగానే వెంకటేశులు చేతులు తుడుచుకుంటూ వచ్చి, కొత్త సైకిలు దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"సెప్పక్కా, ఎట్లుండాయి బ్రేకులు? నమ్మకంగా పడతాండాయా?"

"నేను యాడ పట్టినానప్పా?" అంది సుబ్బలక్ష్మి, చెంగుతో మొహం తుడుచుకుంటూ. "దోవంతా ఎదురుగాలే. తొక్కడం ఆపితే చాలు, అదే నిలబడిపోతాది."

రిమ్ బ్రేకు మంచిదా, డిస్క్ బ్రేకు మంచిదా అన్నది ఆ ఇంట్లో ఇంకా తేలలేదు.